మెస్ బల్లల మీద కూర్చున్న ఇంగ్లీషు మాటలు

2006 వానాకాలం సంగతి. భద్రాచలం బస్టాండు వెనక సందులో అప్పట్లో మాకు మెస్ ఉండేది. మెస్ అంటే హోటల్ కాదు, ఆ తేడా ముందు చెప్పాలి. హోటల్‌కి దారిన పోయేవాళ్లు వస్తారు, తింటారు, మూతి తుడుచుకుని పోతారు. మెస్‌కి వచ్చేవాళ్లు నెలవారీ మనుషులు. ఇల్లొకచోట, ఉద్యోగమొకచోట ఉన్నవాళ్లు. బస్సు డ్రైవర్లు, ఆఫీసుల్లో గుమాస్తాలు, కొత్తగా వేసిన టీచర్లు, మందుల కంపెనీ కుర్రాళ్లు. ఎవరికి పెరుగు పడదో, ఎవరు అడుగున మాడిన అన్నం అడిగి మరీ వేయించుకుంటారో, ఎవరు శనివారం ఒంటిపూట ఉంటారో మనసులో పెట్టుకోవాలి. దారినపోయేవాళ్లు కూడా అప్పుడప్పుడు తలుపు తోసుకుని వచ్చేవాళ్లు. కాదనేదాన్ని కాదు. అయినా మెస్ నడిచేది మాత్రం నెలవాళ్ల మీదే.

నాది కుసుమంచి. నాలుగో తరగతితో బడి అయిపోయింది. పెళ్లయి గోదారి ఒడ్డుకు వచ్చాక వంట తప్ప వేరే విద్య నేర్వలేదు. కానీ ఒకసారి విన్న మాట నా దగ్గరి నుంచి పోదు. మా అత్త ఏ పండగకు ఏ మాట అని నన్ను ఏడిపించిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ జ్ఞాపకమే లేకపోతే ఈ కథ రాయడానికి నాకు దిక్కు లేదు, ఎందుకంటే ఇందులో ఉన్న మాటలు సగం నాకు రాని భాషవి.

ఆ ఏడు జులైలో అరుణ మా మెస్‌లో చేరింది. టేకులపల్లి అవతల అడవిలో వాళ్ల ఊరు. కోయవాళ్ల పిల్ల. డిగ్రీ చదివి, అడవి ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలు చూసే ఒక ప్రాజెక్టులో పని చేస్తోంది. ప్రాజెక్టు అంటే పర్మినెంటు ఉద్యోగం కాదు, గడువు తీరితే మూతపడుతుంది. దాని గడువు వచ్చే మార్చి దాకానే. సన్నగా, నల్లగా, పొడుగాటి చేతులు. తినేటప్పుడు పెదాలు కదిలేవి. నమలడం కాదు. ఏదో గొణిగేది.

మొదటి వారం నేను పట్టించుకోలేదు. తర్వాత ఉండబట్టలేక అడిగాను.

"ఏంది పిల్లా, అన్నం తినేటప్పుడు మంత్రాలు సదువుతున్నవా?"

సిగ్గుపడింది. "కాదక్కా. ఇంగ్లీషు మాటలు. పరీక్ష ఉంది."

"ఏం పరీక్ష?"

అప్పుడు చెప్పింది. దూరాన, రైల్లో రెండు రోజుల ప్రయాణంలో, పల్లెటూళ్ల పనులు ఎట్లా నడపాలో నేర్పే పెద్ద కాలేజీ ఒకటి ఉందట. అందులో చేరాలంటే దేశమంతా రాసే ఎంట్రన్స్ ఒకటి దాటాలి. అందులో లెక్కలున్నాయి, తర్కం ఉంది, ఇంగ్లీషు ఉంది. ప్రతి దాంట్లో విడివిడిగా ఇన్ని మార్కులు రావాల్సిందేనని గీత గీసి పెడతారు. దాన్ని సెక్షనల్ కటాఫ్ అంటారు. లెక్కల్లో ఎంత గొప్పగా రాసినా ఇంగ్లీషు గీత దాటకపోతే మొత్తం పోయినట్టే. కిందటేడు ఈ పిల్లకు జరిగిందదే. లెక్కలు దాటింది, ఇంగ్లీషు దగ్గర పడిపోయింది.

"ఎందుకమ్మా అంత తిప్పలు? వేరే కొలువు దొరకదా?" అన్నాను.

అరుణ గ్లాసులో నీళ్లు చూస్తూ చెప్పింది. "మీటింగులు అయితయి గదక్కా. పెద్ద పెద్దోళ్లు వస్తరు. మా ఊరి తేనె ఎవరు కొనాలె, మా చింతపండు ఎక్కడ అమ్మాలె అని మాట్లాడుకుంటరు. అంతా ఇంగ్లీషులనే. నేనేమో చాయ్ కప్పులు అందిచ్చుకుంట కూసుంట. నాకు సగమే అర్థమయితది. ఆ సగంల మా ఊరు ఉందో లేదో తెల్వదు."

నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం రద్దీ తగ్గాక, మెస్‌లో మూల బల్ల ఆమెకు వదిలేశాను.

వానాకాలంలో మా ఊళ్లో మధ్యాహ్నాలకు ఒక మత్తుంటుంది. గోదావరి మీది తడిగాలి సందులోకి దూరుతుంది. అవతలి ఒడ్డు ఉందా లేదా అన్నట్టు మసగ్గా కనిపిస్తుంది. కరకట్ట మీద మేకలు నిలబడి నిద్రపోతాయి. ఆ వేళకు అంట్లు తోమే చప్పుడు కూడా ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ మత్తులో అరుణ గొంతు సన్నగా, ఒక్కో మాటా వదిలేది. ఆమె చిన్న అట్టముక్కల మీద మాటలు రాసుకునేది, ఇటు ఇంగ్లీషు, అటు తెలుగు. "ఇన్‌సిపిడ్." ఆగేది. "ఆస్ట్రిన్‌జెంట్." ఆగేది. నేను చిక్కుళ్లు తుంచుతూ వినేదాన్ని. అర్థం తెలియని మాట వినడం, చెట్టు మీద కనపడని పిట్టను వినడం లాంటిది. ముందు చెవికే ఇష్టమవుతుంది.

"గది ఏంది, ఇన్‌సిపిడ్?"

"చప్పన అక్కా. ఉప్పు కారం లేని కూర."

"మొన్న సొరకాయ కూర."

"అవ్," అని నవ్వింది. "మొన్న సొరకాయ కూరే."

అట్లా మొదలైంది. ఆస్ట్రిన్‌జెంట్ అంటే వగరు, పచ్చి అరటికాయ. క్లాయింగ్ అంటే వెగటు, పెళ్లి ఇంట్లో మూడో లడ్డు. రాన్సిడ్ అంటే ముక్కిపోయిన నూనె, అది మా మెస్‌లో లేదని ఒట్టు పెట్టుకుని, పక్క సందు బజ్జీల బండి పేరు చెప్పాను. రుచులన్నీ అయిపోయాక మాటలు మనుషుల మీదికి ఎక్కాయి. అది అరుణ ఆలోచనే. తిండికి వచ్చే ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట తగిలించింది.

యాకూబ్ అన్న అని బస్సు డ్రైవరు. వచ్చి కూర్చుంటాడు, తింటాడు, చెయ్యి ఊపి పోతాడు. నోట మాట రాదు. ఆయన టాసిటర్న్. పక్క బల్ల మీద మందుల కంపెనీ కుర్రాడు, అన్నం చల్లారినా వాగుడు చల్లారదు. అతను గారులస్. బ్యాంకు మేడం ఒకామె పళ్లెం అంచు రెండుసార్లు తుడిచి, పప్పులో కరివేపాకు ఏరి పక్కన పెడుతుంది. ఆమె ఫాస్టిడియస్. ఇన్సూరెన్సు ఏజెంటు వెంకటేశ్వర్లు వొరేషస్. ఆయనకు ఎలాగో తెలిసిపోయింది.

"అరుణమ్మా, నాకు గూడ పేరు పెట్టినవంట. ఏం పేరు?"

"వొరేషస్ అన్నా."

ఆ శబ్దం ఆయనకు ఎంతో నచ్చింది. ఎవరో రాజుగారి పేరులా ఉందన్నాడు. రెండు రోజులు బజారంతా చెప్పుకుని తిరిగాడు. మూడో రోజు హైస్కూలు ఇంగ్లీషు సారు అర్థం చెప్పినట్టున్నాడు, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏందమ్మా, నేను గంత తిండిపోతునా?"

అరుణ లేచి నిలబడింది, ఏడుపొక్కటే తక్కువ. వెంకటేశ్వర్లు ఆమెను చూసి, పళ్లెం చూసుకుని, నా వైపు తిరిగాడు. "సరే తియ్. పేరు పెట్టినంక నిలబెట్టుకోవాలె గద. ఇంకో గరిటె వెయ్యక్కా."

ఆ నెలల్లో నాకు కలలు కూడా అట్లాగే వచ్చేవి. మెస్ తలుపు తీసేసరికి తెలియని మాటలు చెప్పులు విడిచి లోపలికి వచ్చి వరసగా కూర్చునేవి. కొన్ని లావుగా, కొన్ని తెల్లగా, కొన్ని తడిసి వణుకుతూ. నేను గరిటె పట్టుకుని ఒక్కొక్కదాన్నీ "పప్పా, చారా?" అని అడుగుతూ పోయేదాన్ని. ఏదీ పలికేది కాదు. ఆకలితో మాత్రం చూసేవి. పొద్దున లేచి ఆ కల చెప్తే మా ఆయన పుల్లయ్య, "పగలు మనుషులకు, రాత్రి మాటలకు వండుతున్నవు, నీకు ఓవర్‌టైమ్ ఇయ్యాలె," అన్నాడు.

ఆగస్టులో గోదారి పెరిగింది. ఊరు ఊరంతా కరకట్ట ఎక్కి నీళ్లు చూసేది. అరుణా నేనూ ఒక సాయంత్రం వెళ్లాం. ఎర్రటి నీళ్ల మీద మొదళ్లతో సహా చెట్లు కొట్టుకుపోతున్నాయి. ఎవరో అన్నారు, "తీస్తంది, తీస్తంది, పొద్దటికంటే ఒక మెట్టు ఎక్కువ కనపడ్డది," అని. అరుణ నా చెయ్యి పట్టుకుని "అబేట్" అంది. తగ్గుముఖం పట్టడం అట. అంతమంది జనం ఆ ఒక్క మాట కోసమే నిలబడి ఉన్నట్టు నాకు అనిపించింది.

వరద తీశాక వాళ్ల నాయన వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో ఆకుల్లో చుట్టిన ఏదో మూట. తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. అన్నం పెడితే ముట్టుకోలేదు. మెల్లగా అడిగాడు.

"అమ్మా, మా పిల్ల ఒక్కతే గొణుక్కుంటదట. ఊళ్లోళ్లు చూసొచ్చి చెప్పిన్రు. గోదారొడ్డున తిరుక్కుంట ఏందో భాషల మాట్లాడుతదట. గాలేమన్న సోకిందా?"

నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన కళ్లు చూసి మింగేశాను. మూటలో ఉన్నది వాళ్ల ఊరి పూజారి ఇచ్చిన తాయెత్తు అని తర్వాత తెలిసింది. అంతలోకి అరుణ వచ్చింది. సంగతి విని నాయన పక్కన కూర్చుంది.

"గాలి కాదు నాయనా, సదువు."

"ఒక మాట అను చూద్దాం."

అరుణ కొంచెం ఆలోచించి, "ఎఫిమరల్," అంది. తర్వాత వాళ్ల భాషలో ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. చెయ్యి పైకెత్తి, వేళ్లు అల్లాడించి, కిందికి రాల్చింది. ఆయన ముఖం విచ్చుకుంది.

"ఉసిళ్లు!" అన్నాడు నాతో తెలుగులో. "వాన పడ్డంక దీపం కాడికి వస్తయి సూడు. ఒక్క పూట బతికి రాలిపోతయి. గా ముచ్చటకు గూడ ఇంగ్లీషుల మాట ఉన్నదంట!"

ఆ తర్వాత అన్నం తిన్నాడు. తాయెత్తు మాత్రం కట్టించే పోయాడు, సదువుకైనా పనికొస్తదని. వెళ్లేటప్పుడు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "ఈ ఏడు సూడు బిడ్డా. అయితే మంచిదే. కాకుంటే ఇంటికి రా, రంది పడకు." ఆయన సందు మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డ పిల్ల, లోపలికి వచ్చి కళ్లు తుడుచుకుంది.

"తిట్టినా బాగుండేదక్కా. రంది పడకు అన్నడు."

చలికాలం వచ్చింది. పరీక్ష దగ్గరపడింది. ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్ నుంచి మాక్ టెస్టులు పోస్టులో వచ్చేవి. మాక్ టెస్టు అంటే ఉత్తుత్తి పరీక్ష. అసలు పరీక్ష లాగే ఉంటుంది, మార్కులు మాత్రం మనమే వేసుకోవాలి. తప్పు జవాబుకు వచ్చిన మార్కుల్లో నుంచి కోసెయ్యాలి కూడా. అరుణ మా గోడ గడియారం చూసుకుని మూల బల్ల మీద రాసేది.

ఒక మధ్యాహ్నం పేపరు దిద్దుకుని తల బల్ల మీద పెట్టేసింది. ఇంకా మెస్‌లో నలుగురైదుగురు తింటున్నారు. దగ్గరికి పోయాను.

"మళ్లీ గీత దాటలేదక్కా."

"గన్ని మాటలు వచ్చు గదనే నీకు!"

"మాటలు వచ్చు. కని అవే మాటలు వేరే అర్థం పెట్టుకొని వస్తున్నయి. ఇగో, హజ్బెండ్."

"మొగుడు. అది నాకే తెలుసు."

"కాదంట. ఇక్కడ హజ్బెండ్ చెయ్యడం అంటే పొదుపుగా వాడుకోవడం అంట."

లోపల చింతపండు పిసుకుతున్న మా ఆయనను చూసి నేను గట్టిగా నవ్వాను. "పొదుపా! ఉప్పు తెమ్మని పంపితే జిలేబీ పొట్లం తెచ్చే మనిషిని సూసి ఎవలు పెట్టిన్రే గా అర్థం?"

అరుణ నవ్వలేదు. ఇంకో ప్రశ్న మీద వేలు పెట్టింది. "శాంక్షన్. మన దగ్గర ఎవలకు తెల్వదు? ఇల్లు శాంక్షన్ అయింది, బోరు శాంక్షన్ అయింది అంటం. నేను కళ్లు మూసుకొని మంజూరు అని పెట్టిన. తప్పు. ఇక్కడ శాంక్షన్ అంటే శిక్ష అంట. ఒకటే మాటకు మంజూరు, శిక్ష రెండు అర్థాలు ఎట్లుంటయి అక్కా? గిట్లాంటి మాటలను ఎన్నని గుర్తు పెట్టుకోను? నాతోని కాదు. రేపు ఊరికి పోత. హాల్ టికెట్ గూడ చింపేస్త."

ఆ ఇంగ్లీషు నాకు వస్తే కదా సాయం చెయ్యడానికి. ఊరికే ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను.

అదే సమయానికి తలుపు దగ్గర ఒక కొత్తాయన ఆకలిగా నిలబడి ఉన్నాడు. దర్శనానికి వచ్చిన మనిషిలా ఉన్నాడు. అన్నం రెండో వాయి పొయ్యి మీద ఉంది కాబట్టి కొంచెం ఆగమని చెప్పాను. కుర్చీ అంచున కూర్చున్నాడు. అంతలో వంటింట్లో నుంచి మా వంటమనిషి మల్లమ్మ ఊరు దద్దరిల్లేట్టు అరిచింది.

"అన్నం అయిపోయిందీ!"

కొత్తాయన గబుక్కున లేచి, "సరే అమ్మా, వేరే దగ్గర సూసుకుంట," అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

యాకూబ్ అన్న చెయ్యి చాచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. వెంకటేశ్వర్లు నోటినిండా ముద్దతోనే, "ఏయ్ కూసో సారూ! అయిపోయింది అంటే ఒడిసిందని కాదు, ఉడికిందని!" అని అరిచాడు. మెస్ అంతా ఘొల్లుమంది. మల్లమ్మ ఆవిరి కక్కే అన్నం గంజు పట్టుకుని బయటికి వచ్చి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక మమ్మల్ని నాలుగు తిట్టింది.

నిజమే కదా. పొద్దున పదకొండింటికి వంటింట్లో నుంచి "అన్నం అయిపోయింది" అంటే పళ్లేలు పెట్టండి అని. మూడు దాటాక నేనే తలుపు దగ్గర నిలబడి "అన్నం అయిపోయింది" అంటే ఇంక పోండి అని. అన్నేళ్లు రెండూ మా మెస్‌లోనే అన్నాం. ఒక్కసారి కూడా అవి రెండు మాటలని నాకు తట్టలేదు.

అరుణ తలెత్తి మల్లమ్మ చేతిలోని గంజును చూస్తోంది. తర్వాత మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు చెప్పింది.

"నేను గూడ గా మాటకు గట్లనే మోసపోయిన అక్కా. సిన్నప్పుడు. హాస్టల్ల ఏసిన కొత్తల."

"ఏమయింది?"

"నాకు అప్పుడు తెలుగు రాదు. మా ఇంట్ల మా భాషనే. మొదటి రోజే వంటామె అన్నం అయిపోయింది అన్నది. పిల్లలందరు పళ్లేలు పట్టుకొని ఉరికిన్రు. నేను గూడ ఉరికిన, తిన్న. ఓహో, అయిపోయింది అంటే రమ్మని అనుకున్న. ఇంకోరోజు లేటుగ పోయిన. వంటామె అదే మాట అన్నది. నేను పళ్లెం పట్టుకొని అక్కడనే నిలబడ్డ. ఆమె మళ్ల అన్నది. నేను ఇంకా దగ్గరికి పోయి నిలబడ్డ. బోర్లించిన గంజు సూసినంక తెలిసింది."

"మరి తర్వాత తెలుగు ఎట్ల నేర్చినవే? ఎవరు నేర్పిన్రు?"

"ఎవలు నేర్పలే. ఏ అట్టముక్కలు లేవు. పిల్లల పక్కన కూసుంటే..." అని ఆగిపోయింది.

పేపరు ముందుకు లాక్కుంది. శాంక్షన్ ఉన్న వాక్యం మళ్లీ చదివింది. చదివి నాకు తెలుగులో చెప్పింది. పెద్ద దేశాలన్నీ కలిసి ఒక చిన్న దేశం మీద శాంక్షన్లు ఇంపోజ్ చేశాయట.

"ఇంపోజ్ అంటే?" అన్నాను.

"ఇష్టం లేకున్నా నెత్తిన రుద్దుడు."

"మరి నెత్తిన రుద్దేదాన్ని పట్టుకొని మంజూరు అంటవేందే? ఇల్లు ఇస్తమంటే వద్దనేటోడు ఎవడుంటడు, రుద్దనీకి?"

అరుణ నన్ను చూసింది. "దాని పక్కన ఇంపోజ్ కూసున్నది అక్కా. నేను సూడనే లేదు. నాకు తెలిసిన మాటే గద అని దాని మొఖం ఒక్కటే సూసిన."

హాల్ టికెట్ చింపలేదు. మర్నాడే అట్టముక్కలు కట్టగట్టి సంచిలో పడేసింది. నన్ను ఒక్కటే అడిగింది. మెస్‌లో పార్సిళ్లు కట్టడానికి పాత కాగితాల కొట్టు నుంచి తెలుగు పేపర్లు తెచ్చుకునేవాళ్లం. వాటికి బదులు ఇంగ్లీషువి తెమ్మంది. మా ఆయన తెచ్చాడు. అరుణ మాకు సాయం పడుతూ, వాటిని పార్సిలు కట్టే ముందు చదివేది. కొన్నిసార్లు పార్సిలు కట్టాక కూడా చదివేది. ఆకలితో ఉన్న మనిషి చెయ్యి చాచి నిలబడితే, పులిహోర పొట్లం తిప్పి తిప్పి వెనకవైపు మాట చూసుకుని అప్పుడిచ్చేది. తెలియని మాట కనపడితే వెంటనే డిక్షనరీ తియ్యకుండా, దాని అటు పక్కన ఎవరున్నారు, ఇటు పక్కన ఎవరున్నారు అని చూసుకుని, ఒక అర్థం ఊహించి, ఆ తర్వాతే తీసేది. అన్నీ సరిగ్గా ఊహించిందని చెప్పను. ఒకసారి ఎవరో మంత్రిగారి చావు వార్తను పెళ్లి వార్త అనుకుని పొట్లం కట్టేసింది. దండలు, జనం, బ్యాండు అన్నీ ఉన్నాయట మరి.

పరీక్ష హైదరాబాదులో. పోయి వచ్చిన రోజు బస్సు దిగి నేరుగా మెస్‌కే వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. తెల్లవారి మంచులో నది ఎట్లా ఉంటుందో అట్లా ఉంది, నీళ్లెంతున్నాయో తేలదు.

"ఎట్ల రాసినవే?"

"మొదటి ప్రశ్నలనే తెల్వని మాట వచ్చిందక్కా. పోయినేడు గూడ గట్లనే వచ్చింది. అప్పుడు దాన్ని సూసుకుంటనే కూసున్న. చెమటలు పట్టినయి, టైం అంత పోయింది. ఈసారి..."

"ఈసారి?"

"నువ్వెవలో నాకు తెల్వదు గని, కూసో, అన్నం ఉడుకుతున్నది అన్న మనసుల. ముందుకు పోయిన. ఆఖరికి మళ్ల దాని కాడికి వచ్చిన. అప్పటికి దాని పక్కనోళ్లు అందరు తెలిసిన్రు."

ఫలితాలు నెట్ సెంటర్‌లో చూసుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం మెస్ నిండుగా ఉంది. నేను చారు పోస్తున్నాను. అరుణ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది కానీ మాట రాలేదు. అన్ని వందల మాటలు నేర్చిన పిల్లకు ఒక్కటి దొరకలేదు. నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. ఎవరమూ అడగలేకపోయాం.

అప్పుడు యాకూబ్ అన్న, పొద్దూ మాపూ మా దగ్గర తిని ఒక్క మాట అననివాడు, అడిగాడు.

"దాటిందా?"

అరుణ తల ఊపింది. తర్వాత ఆ రోజు మెస్‌లో ఏం జరిగిందో చెప్పడం నా వల్ల కాదు. వెంకటేశ్వర్లు పాయసం వండమన్నాడు. బ్యాంకు మేడం గిన్నె అంచు తుడవకుండానే తాగింది. వాళ్ల నాయన మరుసటి వారం వచ్చాడు. ఇంగ్లీషు మాటల్లో తేనెటీగకు ఏమైనా మంచి పేరుందా అని అడిగి, అది మామూలు పేరే అని తెలిసి కొంచెం నిరాశపడ్డాడు.

తర్వాత ఇంటర్వ్యూ కూడా దాటింది. జూన్‌లో రైలెక్కింది. ఎన్నో ఏళ్లు ఎంతోమందికి అన్నం పెట్టాను. వాళ్లలో ఎందరో ఉద్యోగాలు మారి, బదిలీలై పోయారు. కానీ నా పని గురించి నాకే కొత్తగా తెలిసింది ఆ పిల్ల వల్లనే. అప్పటిదాకా మెస్ అంటే ఆకలి తీర్చే చోటనే అనుకునేదాన్ని. ఎవరో తెలియని వాళ్లు, ఎవరి పక్కనో కూర్చుని, నాలుగు రోజుల్లో తెలిసిన వాళ్లయిపోయే చోటని ఎప్పుడూ ఆలోచించలేదు. నెల కట్టి తినేవాళ్లు ఒక మూల, దారినపోయేవాళ్లు ఒక మూల కూర్చునే అలవాటు మా దగ్గర ఉండేది. ఆ తర్వాత తీసేశాను. ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చోమన్నాను. మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు.

అరుణ వెళ్లిన రెండో వారం పక్కింటి ఫోనుకు ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది.

"తిన్నవా?" అన్నాను ముందు.

"తిన్ననక్కా. ఒక్కదాన్నే. ఇక్కడ మెస్ పెద్దగుంది. అందరు వాళ్ల వాళ్ల తోటి కూసుంటరు. హిందీ మాట్లాడుకుంటరు, ఇంగ్లీషు మాట్లాడుకుంటరు. నన్ను సూసి ఆగి, మళ్ల మాట్లాడుకుంటరు. ఇన్ని రోజులు తెల్వని మాటల కోసం తిరిగిన. ఇక్కడ నేనే తెల్వని మాటనైన."

ఫోను తీగలో గాలి ఊదినట్టు చప్పుడు. అంత దూరంలో, ఆ పెద్ద హాల్లో, పొడుగాటి చేతులతో పళ్లెం పట్టుకుని నిలబడ్డ పిల్ల నాకు కనిపించింది.

"అయితే పోయి ఎవరి పక్కనన్న కూసో," అన్నాను. "దూరంగ కూసుంటే నువ్వెవలో వాళ్లకెట్ల తెలుస్తది?"

మర్నాడు మళ్లీ చేసింది. ఒరిస్సా పిల్ల ఒకామె పక్కకు తనే పోయి కూర్చుందట. ఇద్దరూ తిన్నంతసేపూ ఏమీ మాట్లాడుకోలేదట. లేచేముందు ఆ పిల్ల తన పళ్లెంలో మిగిలిన అప్పడాన్ని సగం విరిచి ఈమె పళ్లెంలో పెట్టిందట.